ఎడారి గృహిణి

పందొమ్మిదవ శతాబ్దిలో ఆంగ్లదేశపు ప్రభువంశాల స్త్రీకి పరువు అనేది పుట్టింటివారు ఇచ్చే సారెలో ఒక భాగం. అది ఉన్నంతకాలం ఎవరూ దానిని లెక్కపెట్టరు. పోయిననాడు మాత్రం లోకమంతా వచ్చి లెక్క అడుగుతుంది. పురుషుని పరువు వేరు. అది యుద్ధంలో, రాజసభలో, వ్యాపారంలో సంపాదించుకొనేది. ఒకచోట పోయినా మరొకచోట కూడబెట్టుకోవచ్చును. ఒకే వివాహం చెడినప్పుడు భార్యకు ఒక తీర్పు, భర్తకు మరొక తీర్పు రావడం ఆ సమాజానికి వింతగా తోచలేదు. ఆ రెండు తీర్పులలో బరువైనదానిని తలకెత్తుకొని దేశాలు దాటి, చివరకు సిరియా ఎడారిలో ఒక అరబ్బు గుడారంలో సంసారం నిలుపుకొన్న స్త్రీ జేన్ డిగ్బీ. ఆమెను విడిచిన భర్త తరువాతి కాలంలో భారతదేశానికి గవర్నరు జనరలుగా వచ్చినాడు గనుక ఈ కథకు ఒక కొస భారత చరిత్రలో కూడ ముడిపడి ఉన్నది.

జేన్ 1807 ఏప్రిల్ 3వ తేదీన డోర్సెట్ మండలంలో జన్మించినది. తండ్రి హెన్రీ డిగ్బీ నావికాధిపతి. 1805లో ట్రఫాల్గర్ యుద్ధంలో ‘ఆఫ్రికా’ అనే నౌకకు నాయకత్వం వహించినవాడు. అంతకు ముందే 1799లో స్పెయిను దేశపు ధననౌకను పట్టుకొన్నవారిలో ఒకడై, ఆ పంపకంతో ఐశ్వర్యవంతుడైనవాడు. తల్లి నార్‌ఫోక్ మండలంలో వ్యవసాయాభివృద్ధికి పేరుపడిన హోల్కం ప్రభువు థామస్ కోక్ కుమార్తె. తాతగారి విశాలమైన తోటలలో, గుర్రపుశాలలలో జేన్ బాల్యం చాలవరకు గడచినది. అక్కడ అబ్బిన గుర్రపుస్వారీ ఆమెను కడవరకు విడువలేదు. జీవితంలో సంపాదించిన తక్కిన వన్నీ ఒక్కొక్కటిగా జారిపోయినా అది మాత్రం నిలిచినది.

1824 అక్టోబరు 15వ తేదీన ఆమెకు వివాహమైనది. వధువుకు పదునేడేండ్లు, వరుడు ఎడ్వర్డ్ లా, ఎలెన్‌బరో ప్రభువు, ముప్పది నాలుగేండ్లవాడు, మొదటి భార్యను పోగొట్టుకొన్నవాడు. ఈయన తండ్రి వారన్ హేస్టింగ్సుపై పార్లమెంటులో జరిగిన సుప్రసిద్ధ విచారణలో హేస్టింగ్సు పక్షాన వాదించిన న్యాయవాది. పిమ్మట ఆంగ్లదేశపు ప్రధాన న్యాయమూర్తి అయినాడు. కుమారునికి రాజకీయాలే లోకం. 1828లో ఆయన ఈస్టిండియా కంపెనీ పాలనను పర్యవేక్షించే నియంత్రణ మండలికి అధ్యక్షుడైనాడు. అంటే మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలతో సహా కంపెనీ ఏలుబడిలోని భూమి అంతటి వ్యవహారాలకు లండనులో ఆయన పెద్ద. ఇంటి వ్యవహారాలకు ఆయనకు తీరిక చిక్కలేదు. ఆయన మనసు ఇతర స్త్రీలపై ఉన్నదన్న మాట కూడ ఆనాటి సంఘంలో వ్యాపించి ఉండేది. ఆ మాటవలన ఆయన కెన్నడూ నష్టం కలుగలేదు.

ఆ యేడే లండనులోని ఆస్ట్రియా రాయబార కార్యాలయంలో పనిచేస్తుండిన ఫెలిక్స్ ష్వార్జెన్‌బర్గ్ అనే రాజకుమారునితో జేనుకు పరిచయమైనది. ఆ పరిచయం ప్రణయమైనది. ప్రణయాన్ని దాచే నేర్పు ఆమె కెన్నడూ లేదు. 1829లో ఆమె గర్భవతిగా దేశం విడిచి అతని వెంట ఐరోపా ఖండానికి పోయినది. ఆ సంవత్సరం చివర స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో ఒక కూతురు పుట్టినది. లండనులో ఆమె విడిచివచ్చిన పసివాడు 1830 తొలి నెలల్లో, రెండేండ్లు నిండక ముందే, మరణించినాడు. తల్లి దగ్గర లేదు.

ఆ కాలంలో ఆంగ్లదేశంలో విడాకుల న్యాయస్థానం అంటూ లేదు. పునర్వివాహానికి వీలు కల్పించే విడాకులు కావలెనంటే ఒక్కొక్క జంటకు పార్లమెంటు వేరుగా చట్టం చేయవలెను. పద్దెనిమిదవ శతాబ్ది ఆరంభం నుండి 1857 వరకు ఇటువంటి చట్టాలు మూడు వందలకు పైగా జరిగినవి. వాటిలో స్త్రీల కోరికపై జరిగినవి నాలుగే నాలుగు. భార్య తప్పు చేసినదని రుజువైతే భర్తకు చాలును. భర్త తప్పు చేసినాడని రుజువైనా భార్యకు అది చాలదు. దానికి తోడు మరొక ఘోరం కూడ చూపవలెను. ఎలెన్‌బరో ప్రభువు బిల్లు సభకు వచ్చినప్పుడు నౌకర్లను, బ్రైటన్ పట్టణపు హోటలులో పనిచేసినవానిని పిలిచి సాక్ష్యం తీసుకొన్నారు. పరాయివారు తలుపుల వెనుక విన్న మాటలు పత్రికలలో అచ్చయినవి. ప్రభువు తన భార్యను ఏ మాత్రం చూచుకొన్నాడని అడిగిన సభ్యులు కూడ ఉన్నారు గాని బిల్లు ఆగలేదు. 1830 ఏప్రిల్‌లో అది చట్టమైనది. ఇరువది మూడేండ్ల వయస్సులో జేన్ డిగ్బీ తన దేశంలో ఏ మర్యాదస్థుల గడపా తొక్కరాని స్త్రీ అయినది.

ఆ చట్టంతో సంబంధించిన తక్కిన ఇద్దరి సంగతి కూడ చూడవలసి ఉన్నది. ష్వార్జెన్‌బర్గ్ ఆమెను వివాహమాడలేదు. 1831లో పారిసులో ఆమెను విడిచిపోయినాడు. అతని యెదుగుదలకు ఏ ఆటంకమూ కలుగలేదు. 1848లో ఆస్ట్రియా సామ్రాజ్యానికి ప్రధానమంత్రి అయి, 1852లో ఆ పదవిలోనే కన్నుమూసినాడు. ఎలెన్‌బరో 1842లో గవర్నరు జనరలుగా కలకత్తాలో దిగినాడు. ఆఫ్ఘన్ యుద్ధంలో గజనీనుండి తెప్పించిన తలుపులు సోమనాథ దేవాలయానివని, ఎనిమిది వందల యేండ్ల అవమానం తీరినదని భారతదేశపు రాజులకు, ప్రజలకు ఆర్భాటంగా ప్రకటన చేసినాడు. ఆ తలుపులు దేవదారువని, సోమనాథానికి వాటితో సంబంధం లేదని తరువాత తేలినది. అవి ఆగ్రా కోటలో ఉండిపోయినవి. ఆ ప్రకటనను పార్లమెంటులో మెకాలే ఘాటుగా దూషించినా అభిశంసన తీర్మానం వీగిపోయినది. సింధు దేశం కంపెనీ వశమైనది ఆయన కాలంలోనే, 1843లో. దాస్యానికి చట్టబలం తొలగించిన శాసనం కూడ ఆ యేటనే వెలువడినదని న్యాయంగా చెప్పవలెను. కంపెనీ డైరెక్టర్లు 1844లో ఆయనను వెనుకకు పిలిపించినారు; దేశానికి చేరగానే రాణి ప్రభుత్వం ఆయనను ‘ఎర్ల్’ పదవికి ఎత్తినది. ఒక దేశం పేరిట తొందరపడి చేసిన తప్పుకు బిరుదు లభించినది. ఒక యింటిలో ఇరువురూ చేసిన తప్పుకు ఒకరికి మాత్రమే బహిష్కారం లభించినది.

జేన్ తరువాతి ఇరువది యేండ్లు దయతో చెప్పదగినవి గాని పొగడదగినవి కావు. ఆమె మ్యూనిక్ చేరినది. బవేరియా రాజు మొదటి లుడ్విగ్ తన సౌందర్యశాలకై స్టీలర్ అనే చిత్రకారునిచేత ఆమె రూపం వ్రాయించినాడు. ఆ పటం నింఫెన్‌బర్గ్ రాజభవనంలో ఉన్నది. 1833లో కార్ల్ ఫాన్ వెన్నింగెన్ అనే జర్మను ప్రభువును వివాహమాడినది. ఆయన నిదానస్థుడు, నిజమైన ప్రేమ గలవాడు. అక్కడా ఆమె నిలువలేదు. గ్రీసుదేశపు కౌంట్ థియోటోకీ ఆమె జీవితంలోనికి వచ్చినాడు. భర్తకు, అతనికి ద్వంద్వయుద్ధం జరిగినది. వెన్నింగెన్ చివరకు ఆమెను విడిచిపెట్టి బిడ్డలను తానే పెంచుకొన్నాడు. ఆమెపై కోపం పెంచుకోలేదు. 1841లో థియోటోకీతో వివాహం. వారి కుమారుడు లియోనిడాస్ ఒక్కడే ఆమె మాతృహృదయాన్ని పూర్తిగా కదిలించిన బిడ్డ. 1846లో ఇటలీలోని లూకా స్నానఘట్టాల ఊరిలో ఆ ఆరేండ్ల బాలుడు మేడపైనుండి జారిపడి ఆమె కళ్ళయెదుటనే చనిపోయినాడు. విడిచివచ్చిన బిడ్డలకొరకు రాని దుఃఖం ఒక్కసారిగా ఆమె మీద విరుచుకుపడినట్లయినది. ఆ వివాహం కూడ తెగిపోయినది. పిమ్మట ఒక వృద్ధ గ్రీకు సేనాని వెంట కొండలలో కొంతకాలం తిరిగినది. అతని విశ్వాసఘాతం తెలిసిననాడు అతనిని విడిచి, 1853లో సిరియాకు ఓడ యెక్కినది.

అప్పటి కామెకు నలువది ఆరేండ్లు. ఆ వయస్సున ఆంగ్లదేశంలో ప్రభువంశపు స్త్రీ మనుమలను ఎత్తుకొంటుంది. ఆమె వచ్చినది పాల్మైరా శిథిలాలు చూచుటకు. డమాస్కసు నుండి పాల్మైరాకు పోవు దారి ఎడారి తెగల అధీనంలో ఉండేది. వారి రక్షణ లేక యాత్రికుడు ప్రాణాలతో చేరడం కష్టం. ఆ రక్షణకు తెగవారు రుసుము పుచ్చుకొనేవారు. అనజా జాతిలోని మెజ్రబ్ తెగకు ఆ దారిపై పట్టు ఉండేది. ఆమె వెంట రక్షకుడుగా వచ్చినవాడు ఆ తెగ నాయకుని కుటుంబంలోని మిజువెల్. వయస్సున ఆమెకంటె ఇంచుమించు ఇరువది యేండ్లు చిన్న. పొట్టివాడు, నల్లనివాడు, నిదానంగా మాట్లాడేవాడు. చదువను వ్రాయను నేర్చినవాడు. తన జాతి చరిత్రను, ఎడారిలోని దారులను కంఠస్థం చేసినవాడు.

ఐరోపావారి దృష్టిలో అతడు కూలికి దారిచూపే మనిషి. పత్రికలవారు తరువాత అతనిని ఒంటెలు తోలేవాడన్నారు. రాజులు, ప్రభువులు, సేనానులు తిరిగిన జీవితంలోనికి చివరకు ఒక అనామకుడు వచ్చినాడని వారి హేళన. ఎడారిలో లెక్క వేరుగా ఉండేది. అక్కడ మిజువెల్ పేరుగల కుటుంబానికి చెందినవాడు. పరాయి దేశపు క్రైస్తవ స్త్రీని, వయస్సు మళ్ళినదానిని, తనకు సంతానం కనియివ్వలేనిదానిని చేసికొనుట అతనికే తలవంపు అని అతని బంధువులు తలచినారు. ఎవరు ఎవరికంటె తక్కువ అన్న ప్రశ్నకు రెండు లోకాలు రెండు సమాధానాలు చెప్పినవి.

పెండ్లి మాట ఎత్తినవాడు మిజువెల్. అతనికి అప్పటికే భార్య ఉన్నది. అతని మతం ప్రకారం నలుగురిని చేసికొనవచ్చును. అతని తెగలో దానిని తప్పు పట్టేవారు లేరు. జేన్ ఒక నియమం చెప్పినది: తాను ఒక్కతెయే భార్యగా ఉండవలెను. మిజువెల్ ఒప్పుకొని, మొదటి భార్యను ఆమెకు రావలసిన సొమ్ముతో పుట్టింటికి పంపినాడు. ఆ స్త్రీ దుఃఖం ఎంతటిదో ఏ చరిత్రకారుడూ వ్రాయలేదు. జేన్ సుఖానికి ఆమె చెల్లించిన మూల్యాన్ని మరచి ఈ కథను అందమైన కథగా మాత్రం చెప్పుకొనుట న్యాయం కాదు. డమాస్కసులోని బ్రిటిషు కాన్సలు జేనును వారింపజూచినాడు. ఆమె వినలేదు. 1855 ప్రాంతంలో ముస్లిము ఆచారం ప్రకారం వారికి వివాహమైనది. ఆమె తన మతం మార్చుకొనలేదు. అతడు మార్చుకొమ్మని అడుగలేదు.

ఏడాదిలో సగం డమాస్కసులో, సగం ఎడారిలో అన్నది వారి ఒడంబడిక. నగరంలో గోడల వెలుపల ఆమె ఒక ఇల్లు కట్టించినది. తోట, జాతి గుర్రాలు, పక్షులు, పెంపుడు జంతువులు. ఎడారిలో మేకవెంట్రుకల నల్లని గుడారం. నగరంలో అతడు ఆమె అలవాట్లకు ఒదిగేవాడు. ఎడారిలో ఆమె అతని అలవాట్లకు ఒదిగేది. నీలిరంగు వస్త్రం కట్టి, కండ్లకు కాటుక పెట్టి, బంగారువన్నె జుట్టుకు నల్లరంగు వేసి, ఒంటెపాలు పితికి, భర్త భోజనానికి కూర్చున్నప్పుడు తాను నిలుచుండి వడ్డించేదని ఆమెను చూచిన ఆంగ్లేయులు ఆశ్చర్యంతో వ్రాసినారు. తమ దేశంలో ఇరువది మంది దాసీలు సేవించిన స్త్రీ ఇట్లు చేయుట వారికి పతనానికి చివరిమెట్టుగా తోచినది. ఆమెకు తోచలేదు. హోల్కంలో నేర్చిన గుర్రపుస్వారీతో ఆమె తెగవారి గౌరవం గెలుచుకొన్నది. తెగల మధ్య పోరాటాలు వచ్చినప్పుడు భర్త ప్రక్కన సాగినది. ఆంగ్లదేశం నుండి వచ్చే తన ఆదాయంలో చాలభాగం తెగ అవసరాలకు వెచ్చించినది. ఆ ఆదాయమే లేకుంటే ఆమె స్వేచ్ఛ ఎంతవరకు నిలిచేదో చెప్పడం కష్టం. బ్రైటనులో సాక్ష్యం చెప్పిన నౌకరు కూతురు ఇదే తప్పు చేసి ఉంటే ఆమెకు సిరియాకు ఓడ దొరికేది కాదు.

1860 జులైలో డమాస్కసులో క్రైస్తవుల ఊచకోత జరిగినది. పురాతనమైన వాడలు తగులబడినవి. వేలమంది ప్రాణాలు పోగొట్టుకొన్నారు. అల్జీరియానుండి వెలివడి అక్కడ నివసిస్తుండిన ఎమీర్ అబ్దుల్ ఖాదిర్ తన అనుచరులతో వేలమంది క్రైస్తవులను కాపాడినాడు. జేన్ నగరం విడిచిపోలేదు. ఆమె ఇంటికి మెజ్రబ్ తెగవారు కాపలా నిలిచినారు. క్రైస్తవురాలైన భార్యను కాపాడుకొనుట ఆ రోజులలో మిజువెలుకు తన ప్రాణంతో పందెం. పదవులు, పటాలు, బిరుదులు గల పురుషులు ఎవరూ ఆమెకొరకు అంతటి పందెం ఒడ్డలేదు.

1869 నుండి రెండేండ్లు రిచర్డ్ బర్టన్ డమాస్కసులో బ్రిటిషు కాన్సలుగా ఉన్నాడు. ఇతడు యౌవనంలో కంపెనీ సైన్యంలో చేరి, ఎలెన్‌బరో కాలంలో జయించిన సింధు దేశంలోనే చాల యేండ్లు గడిపినవాడు. బర్టన్ దంపతులు, జేన్, అబ్దుల్ ఖాదిర్ సాయంకాలాలు ఇంటి మిద్దెపై కూర్చుండి నక్షత్రాలు వెలిగేవరకు ముచ్చటించుకొనేవారు. ఇసబెల్ బర్టన్ జేనును ఎంతో మెచ్చుకొన్నది. ఆమె అందం, బహుభాషా పాండిత్యం, మర్యాద అన్నిటినీ వర్ణించినది. మిజువెల్ బుద్ధిని, పెద్దరికాన్ని కూడ ఒప్పుకొన్నది. అయినా ఆ నల్లని శరీరాన్ని ఒక ఆంగ్ల ప్రభుకన్య ఎట్లు తాకగలిగినదో అని జంకినది. స్నేహితురాలి తప్పులన్నీ క్షమించగలిగిన మనసు ఆమె భర్త రంగును క్షమించలేకపోయినది. ఇంతవరకు జేనును వెలివేసిన తీర్పుకు నీతి ఒక పేరు. ఇక్కడ ఆ ముసుగు తొలగి జాతి గర్వం కనబడుతున్నది.

1873లో జేన్ ఎడారిలో ఉండగా ఆమె మరణించినదని ఐరోపా పత్రికలు ప్రకటించినవి. భర్తల సంఖ్య పెంచి, ఒంటెలు తోలేవాని కథ కల్పించి, ఏబది యేండ్ల అపవాదులన్నీ తిరిగి అచ్చువేసినవి. ఆమె తన మరణవార్తలను తానే చదివినది. నలుబది మూడేండ్ల క్రిందట పార్లమెంటు చేసిన తీర్పు ఇంకను అమలులో ఉన్నదని ఆ కాగితాలు ఆమెకు తెలిపి ఉంటవి.

ఆమె దినచర్య గ్రంథాలలో కొన్ని నిలిచినవి. వాటిని చదివి 1995లో మేరీ లవెల్ విపులమైన జీవితచరిత్ర వెలువరించినది. డెబ్బదవ యేట కూడ భర్త రాక ఆలస్యమైతే నిదురపోలేని స్త్రీ ఆ పుటలలో కనబడుతుంది. అతని మనసు తెగలోని ఒక యువతిపై పోయినదేమో అన్న అనుమానం ఆమెను యేండ్ల తరబడి వేధించినది. ఇచ్చిన మాట అతడు తప్పలేదని ఒకనాడు నమ్మేది, మరునాడు శంకించేది. అంటే ఎడారి ఆమెకు స్వర్గం ప్రసాదించలేదు. ఆమెకు లభించినది ఒక సంసారం; దానిలో అలుకలు, అనుమానాలు, రాజీలు, ఎదురుచూపులు అన్నీ ఉన్నవి. అంతకు ముందు ప్రణయాలు చెడినప్పుడు ఓడ యెక్కిన స్త్రీ ఇక్కడ మాత్రం ఇరువది అయిదేండ్లకు పైగా ఓడ యెక్కి పారిపోలేదు.

దానికి కారణమేమని అడిగేవారికి ఆమె పెట్టిన నియమంలోనే సమాధానం కొంత దొరుకుతుంది. భార్యకు ఏ విశ్వాసం విధియో భర్తకూ అదే విధి కావలెనని ఆమె కోరినది. ఆంగ్లదేశంలో 1857లో విడాకుల న్యాయస్థానం ఏర్పడినప్పుడు కూడ చట్టం ఆ మాట ఒప్పుకొనలేదు. భర్త అవిశ్వాసం ఒక్కటే భార్యకు చాలిన కారణమని ఒప్పుకొనుటకు 1923 వరకు పట్టినది. తన దేశపు పార్లమెంటు ఇవ్వని దానిని, నలుగురు భార్యల హక్కు గల ఒక బెదూయిన్ తన నోటిమాటతో ఇచ్చినాడు. ఏ చట్టమూ అతనిని నిర్బంధించలేదు. ఆ మాటపై ఆమె తన శేషజీవితాన్ని ఉంచినది.

1881 ఆగస్టు 11వ తేదీన డమాస్కసులో గ్రహణి వ్యాధితో జేన్ మరణించినది. వయస్సు డెబ్బది నాలుగు. ప్రొటెస్టంటు శ్మశానానికి శవయాత్ర సాగుతున్నప్పుడు మిజువెలును ఐరోపా ఆచారం ప్రకారం మూసిన బండిలో కూర్చుండబెట్టినారు. ఎడారిలో పుట్టినవాడు ఆ చీకటిలో కూర్చుండలేక బండినుండి దూకి పరుగెత్తినాడట. భార్యకు గౌరవం కూడ చేయనేరని మోటువాడని వచ్చినవారు అనుకొని ఉందురు. ప్రార్థనలు సాగి, శవపేటికను గోతిలోనికి దింపే సమయానికి గుర్రపు డెక్కల చప్పుడు వినవచ్చినది. ఆమెకు ప్రియమైన గుర్రాన్ని ఎక్కి మిజువెల్ తిరిగివచ్చినాడు. సమాధి ప్రక్కన గుర్రాన్ని నిలిపి, ఏమియు మాట్లాడక, ఆ గోతివైపు చూస్తూ ఉండిపోయినాడని ఆ కథ చెప్పేవారు చెప్పుదురు.

ఎలెన్‌బరో ప్రభువు అంతకు పదేండ్ల ముందే, 1871లో, సమస్త గౌరవాలతో ఆంగ్లదేశంలో మరణించినాడు. ఆయన మరల వివాహమాడలేదు. ఆయన పేరు భారత చరిత్ర గ్రంథాలలో ఒక అధ్యాయానికి శీర్షికగా నిలిచినది. ఆయన పేరుతో వెలియైన స్త్రీ ఆ పేరును ఎన్నడో వదలి, మెజ్రబ్ అన్న ఇంటిపేరుతో మట్టిలో కలిసినది. ఆ ఇంటిపేరు ఆమెకు ఏ రాజసభా ఇవ్వలేదు. దానిని ఆమె తానే కోరి తీసుకొన్నది.